ఎవరు చేసిన పాపం?



వానాకాలం వచ్చిందంటే మా కోటవురట్ల విచారణలో ఆదివారం దివ్యబలిపూజ అయ్యాక వ్యాధిగ్రస్తుల కొరకు ప్రార్థించమని అడిగేవారు ఎక్కువవుతారు. జ్వరాల కాలం అది. మొన్నటి వానాకాలంలో ఒక తల్లి గుడి అరుగు మీద కూర్చుని, రక్తపరీక్ష కాగితం చేతిలో పట్టుకుని ఏడుస్తోంది. కొడుకుకు డెంగ్యూ. "నిన్న ఎనభై వేలున్నాయండి, ఈరోజు నలభై రెండు వేలట. రోజురోజుకీ పడిపోతున్నాయండి ఫాదర్‌గారూ. మేం ఏటి పాపం చేసేమండి?" అని అడిగింది.

ప్లేట్‌లెట్ల లెక్క ఎందుకు పడిపోతోందో డాక్టరుగారు చెప్పగలరు. ఏ పాపం చేశామన్నది మాత్రం గుడి అరుగు మీద గురువును అడిగే ప్రశ్న. ఇలాంటి ప్రశ్నకే ఇరవై ఏళ్ళ క్రితం ఇంకొక తల్లికి నేను తప్పు జవాబు చెప్పాను. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు ఆ కాగితం మీది అంకె ఎందుకు పడిపోతుందో చూద్దాం. ఏం జరిగిందో తెలుసుకోకుండా, ఎవరి వలన జరిగిందో తీర్పు చెప్పడం న్యాయం కాదు గదా!

మాంసం కూరలో మూలుగ ఎముక కనిపిస్తే పిల్లలు దాని కోసం పోట్లాడుకుంటారు. మన ఒంట్లో రక్తం పుట్టే చోటు ఆ మూలుగే. పెద్దవారిలో నడుము ఎముకలు, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకల లోపలి ఎర్రని మూలుగలో ఈ పని రాత్రింబవళ్ళు సాగుతుంది. ఒక్క రోజులో సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలు, 10,000 కోట్ల ప్లేట్‌లెట్లు అక్కడ తయారవుతాయి. ప్రాణవాయువును మోసే ఎర్రకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. గాయమైన చోట రక్తాన్ని ఆపే ప్లేట్‌లెట్ ఆయుష్షు ఎనిమిది, పది రోజులు. వ్యాధులతో పోరాడే తెల్లకణాల్లో కొన్ని కొద్ది గంటలో, కొద్ది రోజులో మాత్రమే ఉంటాయి. వీటన్నిటికీ మూలం ఒకే రకమైన కణం. దానినే మూలకణం అంటారు. 1961లో కెనడా దేశంలోని టొరంటో నగరంలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ఈ సంగతికి గట్టి ఆధారం చూపించాయి.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ చూపిన ఒక భేదాన్ని మాకు పదే పదే నేర్పేవారు. కాగల స్థితి వేరు, అయిన స్థితి వేరు. చింతగింజ చింతచెట్టు కాగలదు, కాని ఇంకా కాలేదు. మూలకణమూ అంతే. అది ఎర్రకణం కాగలదు, తెల్లకణం కాగలదు, ప్లేట్‌లెట్లను పుట్టించే పెద్దకణం కాగలదు. ఒక దారి పట్టిన తరువాత మెట్టు మెట్టుగా అదే దారిన సాగుతుంది, మామూలుగా వెనుకకు తిరగదు. అయితే అన్ని మూలకణాలూ ఒకేసారి దారి పట్టవు. విత్తనానికి దాచిన గింజల్లాగా చాలా భాగం నిద్రలో ఉంటాయి. వైరస్ వచ్చినప్పుడు దెబ్బ తగిలేది సరిగ్గా ఈ దారిలోనే, అంటే 'కాగలది' 'అయ్యే' చోటనే.

డెంగ్యూలో జరిగేది చూడండి. థాయిలాండులో 1960 నాటి జ్వరాల్లో రోగుల మూలుగను పరీక్షించిన వైద్యులు ఒక సంగతి గమనించారు. జ్వరం తొలి రోజుల్లో మూలుగలోని కణాలు పలుచబడుతున్నాయి, ప్లేట్‌లెట్లను పుట్టించే పెద్దకణాలు తగ్గుతున్నాయి. మరికొన్ని రోజులకు మూలుగ మళ్ళీ నిండుతోంది. కొంత వైరస్ వలన, కొంత శరీరం తన రక్షణకు తానే పంపే సంకేతాల వలన అక్కడ పని మందగిస్తుంది. బయట రక్తంలో ఉన్న ప్లేట్‌లెట్లు కూడా ఖర్చవుతాయి, నశిస్తాయి. అందుకే అంకె పడిపోతుంది. సాధారణంగా కాగితం మీద అంకె అట్టడుగుకు చేరే నాటికే లోపల మూలుగ కోలుకోవడం మొదలుపెట్టి ఉంటుంది.

వైరస్‌ను అడ్డుకోవడానికి శరీరం విడుదల చేసే పదార్థాలలో ఇంటర్‌ఫెరాన్ ఒకటి. అది నిద్రలో ఉన్న మూలకణాలను కూడా తట్టి లేపుతుందని ఎలుకల మీద జరిగిన పరిశోధనల్లో 2009లో తేలింది. ఆ పిలుపు కొద్ది రోజులైతే ఫరవాలేదు. ఎడతెగకుండా లేపుతూనే ఉంటే మూలకణాలు అలసి, చేవ కోల్పోతాయి. కాపలావాడు రాత్రంతా కేకలు వేస్తే దొంగ పారిపోతాడు గాని, ఇంట్లో వారికి కూడా నిద్ర ఉండదు. అంటే మనకు జరిగే హానిలో కొంత, మనలను కాపాడబోయిన చేతి నుండే వస్తోందన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

ఇంకొక వైరస్ ఉంది. దాని పేరు పార్వో బి-19. 1975లో లండనులో కొసార్ట్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివారు రక్తపు నమూనాలు పరీక్షిస్తుండగా 'బి' పట్టికలోని 19వ నమూనాలో అది బయటపడింది గనుక ఆ పేరు వచ్చింది. దగ్గు, తుమ్ముల తుంపరల ద్వారా పిల్లల నుండి పిల్లలకు అంటుతుంది. మూలుగలో ఎర్రకణం అయ్యే దారిలో ఉన్న లేతకణాలలోకి చొరబడి అక్కడే పెరుగుతుంది. దాంతో వారం, పది రోజులు ఎర్రకణాల తయారీ ఆగిపోతుంది. ఆరోగ్యవంతుడికి ఇది తెలియనే తెలియదు. గాదె నిండా ధాన్యం ఉన్న ఇంట్లో పది రోజులు పని దొరక్కపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఏ పూట కూలి ఆ పూట తినే ఇంట్లో అయితే? పొయ్యి ఆరిపోతుంది.

సికిల్ సెల్ వ్యాధి ఉన్న బిడ్డ ఆ రెండో ఇంటిలాంటిది. ఆ బిడ్డ ఎర్రకణాలు కొడవలిలాగా వంగిపోయి, 10 నుండి 20 రోజులకే నశిస్తాయి. మూలుగ రెట్టింపులకు మించి పనిచేస్తేనే ఆ బిడ్డకు రోజు గడుస్తుంది. అలాంటి మూలుగ వారం రోజులు ఆగిపోతే రక్తం ఒక్కసారిగా క్షీణిస్తుంది. సికిల్ సెల్ పిల్లల్లో హఠాత్తుగా వచ్చే ఈ ప్రమాదానికి ముఖ్య కారణం ఈ వైరసేనని 1981లో తేలింది. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఆ వ్యాధి ఉంటే, కొద్ది రోజుల తేడాతో ఇద్దరూ పడిపోవచ్చు. మన దేశంలో సికిల్ సెల్‌ను మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో గుర్తించారు. నర్సీపట్నం దాటి చింతపల్లి ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చే మన మన్యంలోని గిరిజన కుటుంబాలలో కూడా అది ఉంది.

ఇప్పుడు ఆ పాత సంగతి చెబుతాను. అప్పుడు నేను మన్యం అంచున ఒక విచారణలో ఉన్నాను. ఒక సాయంత్రం ఒక తల్లి ఆరేడేళ్ళ ఆడపిల్లను భుజాన వేసుకుని వచ్చింది. నాలుగు రోజుల కిందట జ్వరం వచ్చి తగ్గిందట. పిల్ల అరచేతులు తెల్లకాగితంలా ఉన్నాయి. ఎగఊపిరి పీలుస్తోంది. "ఫాదర్‌గారండీ, ఇది ఎవులు చేసిన పాపమండి? నాదా, మా పెద్దోలదా?" అని అడిగింది. పిల్ల తల మీద చేయి ఉంచి ప్రార్థించాను. ఉపదేశిగారు జీపు కోసం పరుగెత్తారు. ఆ మధ్యలో, ఆమె మనసు తేలికపడుతుందన్న ఆలోచనతో, "అమ్మా, పాపసంకీర్తనం చేసి ఎన్నాళ్ళయింది?" అని అడిగాను.

నేను అన్నది అంతే. ఆమెకు వినిపించింది వేరు. 'పాపం నీదే' అని వినిపించింది.

ఆస్పత్రిలో పిల్లకు రక్తం ఎక్కించారు. సికిల్ సెల్ అన్నారు, ఏదో వైరస్ వచ్చి మూలుగ పని ఆపేసింది, మళ్ళీ తనంతట తానే మొదలవుతుంది అన్నారు. అలాగే పది రోజుల లోపలే మూలుగ కోలుకుంది. పిల్ల బ్రతికింది. కాని ఇంటికి వచ్చాక అత్తవారు "నీ పుట్టింటి రక్తమే చెడ్డది" అని తల్లినీ పిల్లనూ పుట్టింటికి పంపేశారు. రాజీ చేద్దామని వెళ్ళినప్పుడు ఆమె నాతో వాదించలేదు. తల వంచుకుని, "తమరు కూడా అలాగే అన్నారు గదండీ" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆనాడు నాకు తెలియనిది ఇది. సికిల్ సెల్ వ్యాధి రావాలంటే తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున ఆ జన్యువు బిడ్డకు రావాలి. 'చెడ్డ రక్తం' అన్న అత్తవారి వాటా అందులో సరిగ్గా సగం. అంతే కాదు, ఆ జన్యువు ఒక్కటే ఉన్నవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, పైగా వారికి తీవ్రమైన మలేరియా నుండి కొంత రక్షణ ఉంటుంది. తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన అల్లిసన్ అనే వైద్యుడు 1954లో ఈ సంగతి వెల్లడించాడు. మలేరియాతో ఊళ్ళకు ఊళ్ళు మంచం పట్టిన కాలంలో ఆ పిల్ల ముత్తాతలను బ్రతికించింది బహుశా ఆ 'చెడ్డ రక్తమే' కావచ్చు!

పునీత అగుస్తీనువారు సుమారు 421వ సంవత్సరంలో రాసిన 'ఎన్కిరీదియోన్' అనే గ్రంథంలో వ్యాధిని ఉదాహరణగా తీసుకుని చెడు అంటే ఏమిటో వివరిస్తారు. వారి భావం ఇది. చెడు అనేది ఒక వస్తువు కాదు, ఉండవలసిన మంచి లేకపోవడమే చెడు. గాయం మానితే ఆ గాయం అక్కడ నుండి లేచి ఇంకొక చోటికి వెళ్ళిపోదు. అసలు లేకుండా పోతుంది. ఆ రక్తపరీక్ష కాగితాన్ని మళ్ళీ చూడండి. అందులో ఉన్నదేమిటి? ఉండవలసిన ప్లేట్‌లెట్లు లేవన్న సంగతి. లక్షన్నర ఉండవలసిన చోట నలభై రెండు వేలు. అది ఒక లోటు. లోటు తీర్పు కాదు. దాని మీద ఎవరి పేరూ రాసి ఉండదు.

మరి ఆ లోటు ఎలా వచ్చింది? పునీత తోమాసు అక్వీనాసువారు సింహాన్ని ఉదాహరణగా చెబుతారు. సింహం లేడిని చంపేటప్పుడు అది కోరేది తన ఆహారాన్ని. లేడి చావు దానికి అంటుకుని వస్తుంది. సృష్టిలో ఒక్కొక్కటి తన తన మేలును వెదుక్కుంటుంటే ఇంకొకదానికి లోటు కలుగుతుంది. వైరస్ తన సంతతిని పెంచుకుంటుంది. ఇంటర్‌ఫెరాన్ మనలను కాపాడబోతుంది. సికిల్ జన్యువు మలేరియాను అడ్డుకుంటుంది. ఈ మూడింటిలో ఏదీ ఆ పిల్లకు కీడు తలపెట్టలేదు. మూడూ ఒక చిన్న శరీరంలో కలిసిన చోట కీడు కలిగింది.

"అయితే ఫాదర్‌గారూ, పాపం వలన వ్యాధులు రావా?" అని మీలో కొందరు అడుగుతారు. వస్తాయి. తాగి తాగి కాలేయం పాడు చేసుకున్నవారు మన ఊళ్ళలోనే ఉన్నారు. కాని తర్కం సరిగా చూడాలి. వాన పడితే వాకిలి తడుస్తుంది. తడిసిన వాకిలి చూసి ప్రతిసారీ వాన పడిందనగలమా? తెల్లవారుజామున ఆ ఇంటి కోడలు కళ్ళాపి చల్లి ఉండవచ్చు. పాపం నుండి వ్యాధికి ఒక దారి ఉండవచ్చు గాని, వ్యాధిని చూసి వెనక్కి నడిచి పాపాన్ని పట్టుకునే అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు. పునీత యాకోబు తన లేఖ అయిదవ అధ్యాయంలో రోగి కొరకు ప్రార్థించి తైలం పూయమన్నప్పుడు కూడా, పాపాల విషయం 'ఒకవేళ' అన్న భావంతోనే ప్రస్తావించాడు.

పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు అడిగింది ఈ ప్రశ్నే. వీడి పాపమా, వీడి తల్లిదండ్రుల పాపమా అని. యోహాను సువిశేషం తొమ్మిదవ అధ్యాయం చదవండి. ప్రభువు ఆ రెండింటినీ కాదన్నారు. సిలోయములో బురుజు కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు కూడా, వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులు కారని చెప్పారు. అది లూకా పదమూడవ అధ్యాయం. గుడ్డివాని విషయంలో ఆయన చేసిన పని చూడండి. శిష్యులు వెనకకు, నిన్నటి వైపు చూస్తున్నారు. ఆయన వంగి, మట్టి తడిపి, ఆ కళ్ళకు పూసి, పోయి కడుక్కోమన్నారు. కారణం వెదికే ప్రశ్నకు ఆయన చేతులతో జవాబు చెప్పారు.

దేవుడు సర్వశక్తిమంతుడు గదా, ఆ లోటును ముందే అడ్డుకోకూడదా? ఈ ప్రశ్నకు తత్వశాస్త్రం పూర్తి జవాబు ఇస్తుందని నేను చెప్పను. లోటు తీర్పు కాదని చెప్పడం ఒక సంగతి, దేవుడు ఆ లోటును ఎందుకు రానిచ్చాడో చెప్పడం వేరొక సంగతి. మొదటిది చెప్పగలను. రెండవదాని ముందు యోబు లాగా నోటి మీద చేయి పెట్టుకుంటాను. తెల్లవారుజామున మూడు గంటలకు బిడ్డ పక్కన కూర్చున్న తల్లికి అరిస్టాటిల్ పనికి రాడు. సిలువ మీద ఉన్న మన ప్రభువు కూడా తండ్రిని 'ఎందుకు' అని అడిగారని ఆమెకు గుర్తుచేయవచ్చు. తరువాత ఆమెతో పాటు కూర్చోవచ్చు.

ఇంతకూ ఆ పాత కథలో పాపమే లేదా? ఉంది. అది మూలుగలో లేదు, రక్తంలో లేదు. బిడ్డ బ్రతికిందని సంతోషించవలసిన ఇల్లు తల్లిని గెంటివేయడంలో ఉంది. ఆలోచించకుండా మాట జారిన గురువు నోటిలో ఉంది. వ్యాధి లోటు మాత్రమే. దానికి నిందను చేర్చింది మనుషులం.

లోటును పూడ్చడం మన పని. అది ఎలాగో కూడా చెప్పుకుందాం. సికిల్ సెల్ ఉన్న బిడ్డ జ్వరం తరువాత హఠాత్తుగా పాలిపోయినా, నీరసించినా, ఆయాసపడినా ఒక్క పూట కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. ఇంట్లో అదే వ్యాధి ఉన్న అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను కూడా చూపించండి. అలాంటి బిడ్డకు మీరిచ్చే రక్తం ఆ మూలుగను బాగుచేయదు. మూలుగ తనంతట తాను కోలుకునే వరకు ఆ పది రోజులను ఆ బిడ్డకు ఇస్తుంది. ఒక మనిషి ఇంకొక మనిషికి పది రోజులు ఇవ్వగలగడం చిన్న సంగతా? మా విచారణ యువకులను నేను అడిగేది ఇదే.

డెంగ్యూ విషయంలో అంకెను చూసి భయపడవద్దు. రక్తస్రావం లేనప్పుడు, అంకె తగ్గిందని ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినంత మాత్రాన రక్తస్రావం ఆగదని సింగపూరు, మలేసియాలలో జరిగి 2017లో వెలువడిన పరిశోధనలో తేలింది. ఎక్కించాలా వద్దా అన్నది డాక్టరుగారికి వదిలివేయండి. అసలు ప్రమాదం రక్తనాళాల నుండి నీరు బయటకు కారిపోవడంలో ఉంది. అది ముఖ్యంగా జ్వరం తగ్గే రోజుల్లోనే వస్తుంది. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, మగత కనిపిస్తే వెంటనే పరుగెత్తాలి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు వేయకూడదు. ఇక ఆ దోమ పుట్టేది మన ఇళ్ళ చుట్టూ ఉన్న కుండీలలో, తొట్లలో, పాత టైర్లలో, కొబ్బరి చిప్పలలో నిలిచిన నీటిలోనే. వారానికి ఒకసారి ఆ నీరు పారబోయకుండా, పక్కింటి బిడ్డకు జ్వరం వస్తే 'వారేం పాపం చేశారో' అనుకోవడం మనకు తగదు. ఆత్మశోధన చేసుకునేటప్పుడు పెరటి వైపు కూడా ఒకసారి చూడండి.

సికిల్ సెల్ పరీక్ష గురించి ఒక మాట. మన దేశంలో ఈ వ్యాధి నిర్మూలనకు జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న ప్రారంభమయింది. పెళ్ళికి ముందే వధూవరులిద్దరూ పరీక్ష చేయించుకోవడం మంచిది. ఇద్దరికీ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ నిజం తెలుసుకోవడం బాధ్యత. కాని ఆ కాగితం పిల్లను కించపరచడానికి ఆయుధం కాకూడదు. కడుపులో పడిన బిడ్డకు వ్యాధి ఉందని తెలిస్తే ఆ బిడ్డనే తీసివేయడాన్ని శ్రీసభ అంగీకరించదు. పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 1995లో వెలువరించిన 'ఎవంజేలియుమ్ వీతే' విశ్వలేఖ ఈ సంగతి స్పష్టంగా చెబుతోంది. లోటును పూడ్చమన్నారు గాని, లోటు ఉన్నవారిని తుడిచివేయమనలేదు.

గుడి అరుగు మీద కూర్చున్న ఆ తల్లి దగ్గరకు మళ్ళీ వస్తాను. ఈసారి నేను ఆమెను పాపసంకీర్తనం గురించి అడగలేదు. పక్కన కూర్చుని, "నువ్వేమీ పాపం చేయలేదమ్మా. మీ అబ్బాయి ఒంట్లో రక్తం తయారయ్యే పని నాలుగు రోజులు తగ్గింది. మళ్ళీ మొదలవుతుంది. డాక్టరుగారు ఏం తాగించమన్నారు?" అని అడిగాను. ఆమె కళ్ళు తుడుచుకుని, ఓఆర్‌ఎస్ పొట్లాల కోసం సంచీలో వెతికింది. ఆ వారం చివరకు కుర్రవాడు ఇంటికి వచ్చాడు.

మన్యం అంచున ఉన్న ఆ మొదటి తల్లి ఇప్పుడు ఎక్కడ ఉందో నాకు తెలియదు. ఆమె ఈ పత్రిక చదవకపోవచ్చు, చదివేవారు ఎవరైనా ఆమెకు చెప్పవచ్చు. అమ్మా, ఆనాడు నువ్వు అడిగిన ప్రశ్నకు నేను చెప్పవలసిన జవాబు ఇది: అది నీ పాపం కాదు, మీ పెద్దల పాపమూ కాదు. నన్ను మన్నించు.